మారోవిండ్‌కి మాడ్లు ఏరడం: నెల్లూరులో పాత ల్యాప్‌టాప్ మీద పని డైరీ

మిషను, కొలిచే పద్ధతి

ఆట: ది ఎల్డర్ స్క్రోల్స్ 3 మారోవిండ్. బెథెస్డా 2002లో తెచ్చింది. ట్రిబ్యునల్ (2002), బ్లడ్‌మూన్ (2003) అనే విస్తరణలు రెండూ కలిసి ఉన్న కాపీ, డబ్బు పెట్టి కొన్నదే. మాడ్లంటే ఆటని మార్చడానికి అభిమానులు చేసి పంచే ఫైళ్ళు.

మిషను: మూడో తరం కోర్ ఐ3, ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్, 4 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్ డిస్కు, 1366×768 తెర, లైనక్స్ మింట్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి గ్రాఫిక్స్‌కి కావాల్సింది కూడా ఆ ర్యామ్‌లోంచే పోతుంది. కింద తీసుకున్న నిర్ణయాల్లో సగం దీనివల్లే. నెట్టు ఫోను నుంచి హాట్‌స్పాట్, రోజుకి 1.5 జీబీ.

ఆడేది మా మేనల్లుడు. పదో తరగతి పరీక్షలు రాసి వేసవి సెలవులకి మా ఇంటికొచ్చాడు. ఇన్నాళ్ళూ ఫోన్లో కాల్పుల ఆటలు ఆడినవాడు. వాడు ఈ ఆటని మధ్యలో వదలకుండా ముఖ్యకథ చివరిదాకా ఆడగలగాలి. పని పూర్తయిందా లేదా అని చూసే గీటురాయి అదే.

కొలతలకి ఆటలో మూడు చోట్లు పెట్టుకున్నాను. మూడింట్లోనూ మధ్యాహ్నం వేళ, తేట వాతావరణంలో సేవ్ చేసి ఉంచాను.

1. సెయ్‌డా నీన్‌లో అరిల్ అంగడి ముందు.
2. బల్‌మోరాలో ఏటి మీద వంతెన.
3. వివెక్‌లో ఫారిన్ క్వార్టర్‌కి పోయే వంతెన.

సేవ్ తెరిచాక కాసేపు ఆగి, ఎఫ్3 నొక్కితే వచ్చే ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) అంకె రాసుకోవాలి. కెమెరా కదపకూడదు. ఈ మూడు సేవ్‌లూ లేకుండా మాడ్లు వేయడం మొదలుపెడితే, ఏ మాడ్ ఆటని కుంటిదాన్ని చేసిందో ఎప్పటికీ తేలదు. కింద అంకెలన్నీ ఈ వరసలోనే: సెయ్‌డా నీన్ / బల్‌మోరా / వివెక్.

దశ 1: ఫిర్యాదుల పట్టీ

మాడ్లు వెతకడానికి ముందు, ఏ మాడూ లేని ఆటని వాడిచేత ఆడించి, వాడు విసుక్కున్న ప్రతి మాటా రాసుకున్నాను.

1. అక్షరాలు చిన్నవి, కళ్ళు లాగుతున్నాయి.
2. కొంచెం దూరం దాటితే అంతా మంచు, ఏమీ కనపడదు.
3. పొడిచినా తగలదు.
4. మొహాలు బాగాలేవు, మెడ దగ్గర గీత ఉంది.
5. ఎక్కడికి పోవాలో ఆట చెప్పదు.
6. నిద్రపోతే ఎవడో వచ్చి చంపుతున్నాడు.
7. ఊళ్ళోకి రాగానే ఆగి ఆగి నడుస్తోంది.

ఇందులో గోడలు, నేల, రాళ్ళ టెక్స్చర్ల (వాటి పైన అతికించే బొమ్మల) గురించి ఒక్క మాటా లేదు. మాడ్లంటే అందరం ముందు పరిగెత్తేది టెక్స్చర్ల దగ్గరికే. కొత్తగా ఆడేవాడిని ఆట నుంచి తోసేస్తున్నవి మాత్రం అక్షరం, మంచు, తగలని దెబ్బ. అందుకని నియమం ఒకటే పెట్టుకున్నాను: ఈ పట్టీలో ఏదో ఒక ఫిర్యాదుకి జవాబైతేనే మాడ్ లోపలికి. ఎంత అందమైనదైనా సరే, ఏ అంకెకీ జవాబు కాకపోతే బయటే. టెక్స్చర్లని కూడా పరీక్షించాను, ఎందుకో దశ 5లో రాశాను.

దశ 2: ఇంజన్ మార్పు, మాడ్లు ఇంకా సున్నా

పాత ఇంజన్‌ని లైనక్స్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రాములు నడిపించే పొర) పెట్టి నడిపించి, దాని మీద ఎంజీఈ ఎక్స్‌ఈ లాంటి గ్రాఫిక్స్ మెరుగులు వేయొచ్చు. ఈ మిషను మీద అన్ని పొరలు బరువు. అందుకని ఓపెన్‌ఎండబ్ల్యూ 0.48 తీసుకున్నాను. ఇది ఆట ఇంజన్‌ని మొదట్నుంచీ కొత్తగా రాసిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. ఆట ఫైళ్ళు మనవి ఉండాలి, ఇంజన్ ఒక్కటే వాళ్ళది. లైనక్స్‌లో నేరుగా నడుస్తుంది.

1. ఇన్‌స్టాల్ చేసి, లాంచర్ విజార్డ్‌కి ఆట ఫైళ్ళున్న ఫోల్డర్ చూపించాలి.
2. సెట్టింగ్స్ ఫైలు జీయూఐ భాగంలో ఫాంట్ సైజు 16 నుంచి 18కి పెంచాలి.
3. అక్కడే స్కేలింగ్ ఫ్యాక్టర్ 1.25 పెట్టి చూశాను. 1366×768 తెర మీద సామాన్ల కిటికీ, మ్యాప్ కిటికీ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. 1.1 దగ్గర సర్దుకున్నాయి.
4. సంభాషణలో టాపిక్‌లకి రంగులు మార్చే సెట్టింగ్ ఆన్ చేయాలి. అడిగేసిన టాపిక్‌లు వేరే రంగులోకి పోతాయి. పాత్రకి ఇరవై టాపిక్‌లుండే ఆటలో ఇది పెద్ద ఉపకారం.
5. సేవ్స్ భాగంలో మ్యాక్స్ క్విక్‌సేవ్స్ 1 నుంచి 5కి పెంచాలి. ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి ఉంది, ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోతూనే ఉంటుంది. ఒకే క్విక్‌సేవ్ ఉంటే, అది రాస్తుండగా కరెంటు పోతే ఆట మొత్తం పోయినట్టే.

ఐదో ఫిర్యాదుకి బాణం గుర్తులు చూపించే మాడ్ వేయలేదు. ఈ ఆటలో దారి చెప్పేది మనుషులు: "వంతెన దాటి ఎడమకి తిరుగు, రెండు కొండల మధ్య దారి పట్టుకో." ఆ మాటలు పట్టుకుని వెతుక్కోవడమే ఆట. జర్నల్‌లో క్వెస్టుల వారీగా చూసే బటన్ ఎక్కడుందో వాడికి చూపించాను, లోకల్ మ్యాప్ మీద డబుల్ క్లిక్ కొట్టి నోట్ రాసుకోవచ్చని చెప్పాను. ఆ రెండూ తెలిశాక ఆ ఫిర్యాదు మళ్ళీ రాలేదు.

సంభాషణల్ని తెలుగులోకి తేవాలన్న కోరిక కూడా ఉండింది. ఆట ఫైళ్ళలో అక్షరాలు పాత విండోస్ కోడ్‌పేజీల్లో ఉంటాయి. ఇంజన్ తీసుకునే ఎన్‌కోడింగ్‌లు 1250, 1251, 1252 మాత్రమే. తెలుగు వాటిలో దేంట్లోనూ లేదు. అక్కడితో ఆ పని ఆపి, కష్టమైన మాటలకి వాడే ఒక నోటు పుస్తకం పెట్టుకునేట్టు చేశాను.

ఇప్పటిదాకా: మాడ్లు 0, ఖర్చు ₹0, ఎఫ్‌పీఎస్ 44 / 29 / 26. ఫిర్యాదులు 1, 5 తీరాయి.

దశ 3: వేడి, ర్యామ్

మే నెలలో నెల్లూరు ఎండకి, ఫ్యాను కింద కూడా, బల్‌మోరాలో పది నిమిషాలు తిరిగేసరికి సెన్సార్స్ కమాండ్ 94 డిగ్రీలు చూపించింది. అక్కడి నుంచి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఎఫ్‌పీఎస్ 29 నుంచి 19కి జారింది. ఉదయం కొలిచిన అంకెలకీ మధ్యాహ్నం కొలిచిన అంకెలకీ పొంతన కుదరక, తప్పంతా మాడ్‌దే అనిపించే ప్రమాదం ఇక్కడుంది. వేడి తేల్చకుండా మాడ్లు కొలవకండి.

1. వెనక మూత విప్పి ఫ్యాన్ రెక్కలు, రాగి గొట్టం చివర ఉన్న జాలీ శుభ్రం చేశాను. జాలీ లోపలి వైపు దుమ్ము పట్టు కట్టి ఉంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే అది కదలదు, ఫ్యాన్ విప్పాల్సిందే.
2. పాత పేస్టు గీకేసి కొత్త థర్మల్ పేస్టు. ₹200. 94 నుంచి 83కి దిగింది.
3. వీడియో భాగంలో ఫ్రేమ్‌రేట్ లిమిట్ 40 పెడితే 74 దగ్గర నిలబడింది. సెయ్‌డా నీన్‌లాంటి తేలిక చోట్ల అంతకంటే ఎక్కువ కొట్టి ఒళ్ళు కాల్చుకోవడం కంటే అన్నిచోట్లా నిలకడగా ఉండటం మేలు. మాడ్ కొలిచేటప్పుడు మాత్రం ఈ లిమిట్ తీసేసి కొలవాలి.
4. ట్రంక్ రోడ్డులో రిపేరు షాపులో వాడిన 4 జీబీ డీడీఆర్3 స్టిక్కు ₹700. రెండో స్లాటు ఖాళీగానే ఉంది. ఒకే స్టిక్కుంటే సింగిల్ ఛానెల్, రెండుంటే డ్యూయల్ ఛానెల్. గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్ వాడే మిషన్లలో ఈ తేడా కంటికే తెలుస్తుంది.

ఇప్పటిదాకా: మాడ్లు 0, ఖర్చు ₹900, ఎఫ్‌పీఎస్ 52 / 36 / 31.

ఏ మాడూ లేకుండానే వివెక్‌లో 5 ఫ్రేములు వచ్చాయి. ఈ డైరీలో ఏదైనా ఒక్కటే కాపీ చేస్తానంటే ఈ దశ చేయండి.

దశ 4: ప్యాచ్, మెష్‌లు

ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్: ఆటలో మిగిలిపోయిన బగ్‌లు, తెగిపోయిన క్వెస్టులు సరిచేస్తుంది. కొత్త సామాను, కొత్త కథ తీసుకురాదు. ఇది మాత్రం ఫిర్యాదుల పట్టీతో పనిలేకుండా వేశాను. ముప్పై గంటలు ఆడాక ఒక క్వెస్టు ముడిపడి ఆగిపోతే వాడు మళ్ళీ ఆటని ముట్టుకోడు.

మారోవిండ్ ఆప్టిమైజేషన్ ప్యాచ్: ఏడో ఫిర్యాదు కోసం. మెష్‌లని (వస్తువుల ఆకారపు చట్రాలని) తేలిక చేస్తుంది, చూడ్డానికి ఆట ఏమీ మారదు.

ఇక్కడ పడిన చిక్కు ఫోల్డర్లది. ఈ ఆట మాడ్ల జిప్ విప్పితే లోపల "00 కోర్", "01 ఆప్షనల్" అంటూ విడివిడి ఫోల్డర్లు వస్తుంటాయి. కాన్ఫిగ్ ఫైల్లో, మాడ్ ఎక్కడుందో ఇంజన్‌కి చెప్పే డేటా లైను పైన ఉన్న పెద్ద ఫోల్డర్ని చూపిస్తే ఇంజన్ ఏమీ అనదు, ఎర్రర్ కూడా ఇవ్వదు, మాడ్ పని చేయదు అంతే. టెక్స్చర్స్, మెషెస్ అనే ఫోల్డర్లు నేరుగా ఏ ఫోల్డర్లో ఉన్నాయో దాన్నే చూపించాలి. లోపల మూడు భాగాలుంటే మూడు డేటా లైన్లు రాయాలి.

పని జరిగిందో లేదో చూసుకునే పద్ధతి: డేటా లైను తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి అదే సేవ్‌లో అంకె చూడండి. అంకె కదలకపోతే దారి తప్పు రాసినట్టే.

ఇప్పటిదాకా: మాడ్లు 2, ఖర్చు ₹900, ఎఫ్‌పీఎస్ 52 / 41 / 36.

దశ 5: టెక్స్చర్లు

ఫిర్యాదుల పట్టీలో లేకపోయినా పరీక్షించాను. ఎవరు మాడ్ల జాబితా ఇచ్చినా మొదట రాసేది ఇవే. వీటి ఖరీదెంతో అంకెల్లో తెలియాలి.

లెక్క ఇది. డీఎక్స్‌టీ1 పద్ధతిలో కుదించిన టెక్స్చర్ పిక్సెల్‌కి సగం బైటు తింటుంది. 256×256 ఉన్న పాత టెక్స్చర్ 32 కేబీ. దాన్నే నాలుగు రెట్లు పెంచి 1024×1024 చేస్తే 512 కేబీ. అంటే పక్కకి నాలుగు రెట్లు, మెమరీకి పదహారు రెట్లు. మాడ్ చేసినవాళ్ళు కుదించకుండా 32 బిట్ ఫైలు వదిలేస్తే అదే టెక్స్చర్ 4 ఎంబీ. ఒక ఊళ్ళో ఇలాంటివి వందల్లో ఉంటాయి. 8 జీబీ ర్యామ్‌లో ఆట, సిస్టమ్, గ్రాఫిక్స్ అన్నీ పంచుకోవాలి.

ఏఐతో నాలుగు రెట్లు చేసిన ప్యాక్ వేస్తే 45 / 30 / 22. అంకె కంటే పెద్ద బాధ కుదుపు: ఒక సెల్ (ఆట నేలలో ఒక చదరం) దాటి ఇంకో సెల్‌లోకి పోయిన ప్రతిసారీ డిస్కు గిరగిరా తిరిగి, ఆట ఊపిరి బిగబట్టినట్టు అర సెకను ఆగుతోంది. వేసిన గోడలు దగ్గర్నుంచి చూస్తే బాగున్నాయి. గుడ్డ తెరల మీద, బోర్డుల మీద ఉన్న డేడ్రిక్ (ఆటలోని కల్పిత లిపి) అక్షరాలు మాత్రం చెరిగిపోయి గీతలు గీతలుగా అయ్యాయి. చదవగలిగే అక్షరాన్ని చదవలేనిదిగా చేసే మార్పు ఈ ఆటకి పనికిరాదు.

తరవాత చేసిన మార్పులు, వరసగా:

1. ప్యాక్‌లో టెక్స్చర్లన్నిటినీ ఒక స్క్రిప్టుతో సగానికి తగ్గించి, డీఎక్స్‌టీ1లో మళ్ళీ సేవ్ చేశాను. పారదర్శకత ఉన్న ఆకులు, గుడ్డలకి డీఎక్స్‌టీ5.
2. బల్‌మోరాలో దూరపు కప్పులు మిలమిల మెరుస్తూ పురుగులు పాకినట్టు కదిలాయి. కారణం: మళ్ళీ సేవ్ చేసేటప్పుడు మిప్‌మ్యాప్‌లు పోయాయి. మిప్‌మ్యాప్ అంటే అదే బొమ్మకి సగం, పావు, అరపావు సైజు నకళ్ళు. దూరంగా ఉన్నప్పుడు ఇంజన్ చిన్న నకలు వాడుకుంటుంది. అవి లేకపోతే పెద్ద బొమ్మనే నాలుగు పిక్సెళ్ళలో ఇరికించబోయి మిణుకుతుంది. స్క్రిప్టులో మిప్‌మ్యాప్ ఆప్షన్ పెట్టి మొత్తం మళ్ళీ నడిపించాను.
3. అక్షరాలున్న బోర్డులు, తెరలు, పుస్తకాల టెక్స్చర్లు ప్యాక్‌లోంచి తీసేశాను. వాటికి ఆటలోవే వస్తాయి.
4. కొన్ని ఆయుధాలు, కవచాలు నూనె పూసినట్టు తళతళలాడాయి. ఆ ప్యాక్ పాత ఇంజన్‌లో ఎన్విరాన్‌మెంట్ మ్యాప్‌తో మెరుపు తెప్పించే పద్ధతికి తయారైంది. షేడర్స్ భాగంలో "అప్లై లైటింగ్ టు ఎన్విరాన్‌మెంట్ మ్యాప్స్" ఆన్ చేస్తే చీకట్లో మెరవడం తగ్గింది.

కొలిస్తే 50 / 39 / 34, కుదుపు చాలావరకు పోయింది. బాగానే ఉంది కదా అని ఉంచలేదు. వాడికి ఏమీ చెప్పకుండా ప్యాక్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి అదే ఊరు చూపించి, ఏది బాగుందని అడిగాను.

"రెండూ ఒకటే కదా మామా. ఏం మార్చినావు?"

నా నియమానికి బయటే అయినా నేలకీ రాళ్ళకీ సంబంధించినవి ఉంచి, మిగతావన్నీ తీసేశాను. నడిచేటప్పుడు తెరలో సగం నేలే కాబట్టి అక్కడ ఖర్చుపెట్టినది కనపడుతుంది. ఇంటి లోపలి సామాను, కుండలు, పళ్ళేలు మార్చి ప్రయోజనం లేదు.

ఇప్పటిదాకా: మాడ్లు 3, ఖర్చు ₹900, ఎఫ్‌పీఎస్ 51 / 40 / 35.

దశ 6: చూపు దూరం

రెండో ఫిర్యాదు. దీనికి మాడ్ అక్కర్లేదు, అన్నీ సెట్టింగ్‌లే.

ఆట నేల చదరాలుగా ఉంటుంది, ఒక్కో సెల్ 8192 యూనిట్లు. ఇంజన్ మామూలు చూపు దూరం 7168, అంటే ఒక సెల్ కూడా నిండా కనపడదు. టెరైన్ భాగంలో డిస్టెంట్ టెరైన్ ఆన్ చేస్తే దూరపు నేల, ఆబ్జెక్ట్ పేజింగ్‌తో దూరపు ఇళ్ళు, చెట్లు కూడా వస్తాయి.

1. చూపు దూరం 40960 (ఐదు సెల్‌లు): 33 / 22 / 14. పనికిరాదు.
2. 20480 (రెండున్నర సెల్‌లు): 43 / 33 / 24.
3. అదే దూరం, ఆబ్జెక్ట్ పేజింగ్ మిన్ సైజు 0.01 నుంచి 0.03కి: 46 / 35 / 28. దూరపు గులకరాళ్ళు, చిన్న మొక్కలు గీయడం మానేస్తుంది. వాటిని ఎవరూ చూడరు.
4. నీడలు ఆన్ చేస్తే 31 / 21 / 17. ఆపేశాను, మళ్ళీ ఆ జోలికి పోలేదు.
5. నీళ్ళ షేడర్ ఆన్, రిఫ్రాక్షన్ ఆఫ్, రిఫ్లెక్షన్ డీటెయిల్ 2 నుంచి 1కి. అంటే నీళ్ళలో ఆకాశం, నేల మాత్రమే ప్రతిఫలిస్తాయి. సెయ్‌డా నీన్‌లో 46 నుంచి 42.

ఐదు సెల్‌ల దూరం ఎఫ్‌పీఎస్ కోసమే వదులుకున్నానని కాదు. మంచి కార్డున్న స్నేహితుడి మిషను మీద అంత దూరం పెట్టి చూశాను. ఆట జరిగే ఈ దీవిని మంచు ఉంటుందని లెక్కవేసుకునే కట్టారు. అంతా ఒక్కసారి కనపడితే ఊరికీ ఊరికీ మధ్య దూరం తగ్గిపోయి, దీవి చిన్నదైపోతుంది. రెండున్నర సెల్‌లకి, మలుపు తిరిగితే ముందున్న ఊరి ఆకారం లీలగా తెలుస్తుంది, దాని వెనక ఏముందో తెలియదు. దారి అడిగి వెళ్ళే ఆటకి అంత చూపు చాలు.

ఇప్పటిదాకా: మాడ్లు 3, ఖర్చు ₹900, ఎఫ్‌పీఎస్ 42 / 34 / 28. ఫిర్యాదు 2 తీరింది.

దశ 7: మనుషులు

బెటర్ బాడీస్ వేస్తే మెడ, మణికట్టు దగ్గర గీతలు పోతాయి. దాంతోపాటు బెటర్ క్లోత్స్ వేయకపోతే చొక్కా అంచు దగ్గర ఖాళీ వచ్చి, లోపలి నుంచి వెనకున్న గోడ కనపడుతుంది. రెండూ కలిపే వేయాలి. బెటర్ బాడీస్‌లో లోదుస్తులున్న రకం, లేని రకం విడిగా ఉంటాయి. ఇంట్లో పిల్లలు ఆడేదైతే ఏ ఫోల్డర్ వేస్తున్నారో చూసి మరీ వేయండి.

మొహాల దగ్గర ఆలస్యమైంది. మొహాల మాడ్లు రెండు రకాలు. ఒకటి, ఫైళ్ళు మాత్రం మార్చేవి. రెండోది, ప్లగిన్‌తో (ఆట డేటా రికార్డుల్ని మార్చే ఫైలుతో) ఒక్కో పాత్ర రికార్డునీ మార్చేవి. ఈ ఆటలో ఒక పాత్ర రికార్డుని రెండు ప్లగిన్లు తాకితే, చివర వచ్చిన ప్లగిన్ రికార్డు మొత్తంగా నిలబడుతుంది. మొహం ఒక్కటే దాన్నుంచి, మిగతాది ముందు ప్లగిన్ నుంచి అని కలపదు. అంటే మొహం కోసం వేసిన మాడ్, అదే పాత్రకి ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్ చేసిన దిద్దుబాటుని తుడిచేస్తుంది. మొహం బాగై క్వెస్టు పాడవుతుంది.

అందుకని ప్లగిన్ లేని, ఫైళ్ళు మాత్రం మార్చే ప్యాక్ తీసుకున్నాను. మొహం తోలు రంగు, మెడ రంగు కొన్ని జాతుల్లో కలవలేదు. డార్క్ ఎల్ఫ్‌లలో బాగా తెలిసింది. ఆ జాతి మెడ టెక్స్చర్ ఒక్కటి గింప్ అనే బొమ్మల ఎడిటర్‌లో తెరిచి మొహం రంగుకి దగ్గర చేశాను.

ఇప్పటిదాకా: మాడ్లు 6, ఖర్చు ₹900, ఎఫ్‌పీఎస్ 42 / 33 / 28. ఫిర్యాదు 4 తీరింది.

దశ 8: పొడిచినా తగలదు

మిగతావి చాలావరకు చూపుకి సంబంధించినవి. ఇది ఆట గుండెకి సంబంధించినది. ఈ ఒక్క ఫిర్యాదుతోనే చాలామంది ఈ ఆట వదిలేస్తారు. సెయ్‌డా నీన్ ఒడ్డున మడ్‌క్రాబ్ ఎదురైనప్పటి మాటలివి:

"మామా, ఎండ్రకాయ ఎదురుగానే ఉండాది, పొడుస్తానే ఉండా, ఒక్కటీ తగల్లా."

"కింద ఆకుపచ్చ పట్టీ చూడబ్బయా. ఏమైంది?"

"ఖాళీగా ఉండాది."

"ఊరి నుంచి ఇక్కడిదాకా పరిగెత్తుకోనే వచ్చినావు కదా, అదీ సంగతి."

దెబ్బ తగిలే అవకాశం లెక్క ఇలా ఉంటుంది: ఆయుధ నైపుణ్యం, దానికి ఎజిలిటీలో ఐదో వంతు, లక్‌లో పదో వంతు కలపాలి. ఆ మొత్తాన్ని (0.75 + 0.5 × మిగిలిన ఫెటీగ్ భాగం)తో గుణించాలి. ఫెటీగ్ అంటే ఆ ఆకుపచ్చ పట్టీ చూపించే ఓపిక: నిండుగా ఉంటే 1, ఖాళీ అయితే 0. ఎదుటి ప్రాణి తప్పించుకునే అంకె అందులోంచి పోతుంది.

వాడి పాత్రకి ఎజిలిటీ 40, లక్ 40. మేజర్ స్కిల్‌గా లాంగ్ బ్లేడ్ తీసుకున్నాడు, 30. చేతిలో పట్టుకున్నది సెన్సస్ ఆఫీసు బల్ల మీద దొరికిన బాకు. బాకు షార్ట్ బ్లేడ్ కిందికి వస్తుంది, అది వాడికి 5 మాత్రమే.

1. బాకు, ఫెటీగ్ ఖాళీ: (5 + 8 + 4) × 0.75 = 12.75
2. బాకు, ఫెటీగ్ నిండుగా: 17 × 1.25 = 21.25
3. లాంగ్ బ్లేడ్, ఫెటీగ్ ఖాళీ: (30 + 8 + 4) × 0.75 = 31.5
4. లాంగ్ బ్లేడ్, ఫెటీగ్ నిండుగా: 42 × 1.25 = 52.5

అదే పాత్ర, అదే ఎండ్రకాయ. 12.75 నుంచి 52.5కి పోవడానికి మాడ్ అక్కర్లేదు, సరైన కత్తి పట్టుకుని నడిచి వెళ్తే చాలు. ఆట ఈ సంగతి ఎక్కడా సూటిగా చెప్పకపోవడమే దాని లోపం.

ప్రతి దెబ్బా తగిలేట్టు చేసే మాడ్ కూడా పరీక్షించాను. అది ఆటగాడికి పెద్ద ఫోర్టిఫై ఎటాక్ (దెబ్బ తగిలే అవకాశం పెంచే శక్తి) ఇచ్చి వదిలేస్తుంది. మొదటి గంట హాయిగా ఉంది. ఆ తరవాత నైపుణ్యం పెంచుకునే అవసరం పోయింది, ట్రైనర్లకి డబ్బిచ్చే అవసరం పోయింది, ఏ ఆయుధమైనా ఒకటే అయింది. పాత్ర పెరగడం మీద కట్టిన ఆటలో పెరగడానికే అర్థం లేకుండా చేసింది. తీసేశాను.

బదులు, నొప్పి ఉన్న చోట మాత్రం చేయి పెట్టాను. పరుగుకి ఫెటీగ్ ఎంత పోవాలో ఎఫ్‌ఫెటీగ్‌రన్‌బేస్ అనే సెట్టింగ్ చెబుతుంది, మామూలు విలువ 5. దీనికి మోసే బరువుని బట్టి ఎఫ్‌ఫెటీగ్‌రన్‌మల్ట్ (విలువ 2) కలుస్తుంది.

1. ఓపెన్‌ఎండబ్ల్యూతో వచ్చే ఎడిటర్ తెరిచి, ఆట మూడు మాస్టర్ ఫైళ్ళ (అసలు ఆట, రెండు విస్తరణలు) మీద కొత్త యాడాన్ మొదలుపెట్టాలి.
2. గేమ్ సెట్టింగ్స్ పట్టికలో రన్‌బేస్ 5ని 1 చేశాను. పరుగుకి అలుపే లేకుండా పోయింది. నడవడానికీ పరిగెత్తడానికీ తేడా లేదు.
3. 3 చేశాను. ఊరి నుంచి ఊరికి పరిగెత్తితే పట్టీ తగ్గుతుంది కానీ అడుగంటదు. సంచీ నిండా మోస్తే త్వరగా దిగుతుంది. ఇక్కడ ఆపాను.
4. రన్‌మల్ట్‌ని ముట్టుకోలేదు. బరువు మోస్తే అలుపు రావాల్సిందే.
5. ఆప్షన్స్‌లో "ఆల్వేస్ యూజ్ బెస్ట్ ఎటాక్" ఆన్. నడిచే దిక్కుని బట్టి పోటు, నరుకు మారిపోవడం ఆగుతుంది.

ఇప్పటిదాకా: మాడ్లు 7 (ఒకటి సొంతది), ఖర్చు ₹900, ఎఫ్‌పీఎస్ మార్పు లేదు. ఫిర్యాదు 3 తీరింది.

దశ 9: నిద్రలో దాడి, వరస

ఆరో ఫిర్యాదు ట్రిబ్యునల్‌ది. ఆ విస్తరణ ఉంటే, మొదటి స్థాయి పాత్ర పడుకున్నా డార్క్ బ్రదర్‌హుడ్ హంతకులు వస్తారు. చంపబడటం ఒక నష్టం, ఎలాగో గెలిస్తే ఇంకో నష్టం: వాళ్ళ కవచం అమ్ముకుంటే మొదట్లోనే చేతినిండా డబ్బు. దాడుల్ని ముఖ్యకథలో కొంత దూరం పోయేదాకా వాయిదా వేసే చిన్న ప్లగిన్లు చాలానే ఉన్నాయి. ఆ ఒక్క స్క్రిప్టు తప్ప ఇంకేమీ తాకనిది తీసుకున్నాను. నాలుగు పనులు కలిపి చేసేవి పక్కనపెట్టాను. పాత సేవ్ మధ్యలో వేయకుండా, ఇక్కడి నుంచి కొత్త ఆట మొదలుపెట్టించాను.

కాన్ఫిగ్‌లో చివరి వరస, పైనుంచి కిందికి. ఫైళ్ళకైనా ప్లగిన్లకైనా కింద ఉన్నదే నెగ్గుతుంది.

1. ఆట మూడు మాస్టర్ ఫైళ్ళు
2. ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్
3. ఆప్టిమైజేషన్ ప్యాచ్
4. నేల, రాళ్ళ టెక్స్చర్లు
5. బెటర్ బాడీస్, బెటర్ క్లోత్స్
6. మొహాలు, దిద్దిన మెడ టెక్స్చర్
7. దాడి వాయిదా ప్లగిన్
8. సొంత ఫెటీగ్ యాడాన్

లెవెల్డ్ లిస్టుల్ని (పాత్ర స్థాయిని బట్టి ఎదురయ్యే ప్రాణులు, సామాన్ల పట్టీల్ని) తాకే మాడ్లు రెండు లేదా ఎక్కువ ఉంటే, చివరిది మిగతావాటిని మింగేస్తుంది. అప్పుడు డెల్టా ప్లగిన్ అనే పనిముట్టుతో కలిపి ఒక్క ఫైలు చేయించాలి. ఈ పట్టీలో ఆ అవసరం రాలేదు.

టామ్రియల్ రీబిల్ట్ వేయలేదు. దీవి అవతల ఉన్న మెయిన్‌ల్యాండ్‌ని అభిమానులు ఏళ్ళ తరబడి కడుతున్న పని అది. దాని నాణ్యత మీద నాకు అపారమైన గౌరవం. మొదటిసారి ఆడేవాడికి దీవే చాలా పెద్దది, హాట్‌స్పాట్ మీద దాన్ని దించుకోవడం ఒక యజ్ఞం. ముఖ్యకథ అయ్యాక వాడు అడిగితే వేస్తాను.

మొత్తం: మాడ్లు 8, ఖర్చు ₹900, లిమిట్ లేకుండా ఎఫ్‌పీఎస్ 42 / 33 / 28, లిమిట్ 40తో వేడి 76 డిగ్రీలు.

తీరనిది ఏడో ఫిర్యాదులో సగం. వివెక్‌లో అడుగుపెట్టగానే సెల్ లోడయ్యేటప్పుడు కుదుపు ఇంకా ఉంది. సెల్స్ భాగంలో ప్రీలోడ్ ఆన్‌లోనే ఉంది, ప్రీలోడ్ థ్రెడ్లు 1 నుంచి 2కి పెంచితే కుదుపు చిన్నదైంది కానీ పోలేదు. అది డిస్కు వేగం. సెట్టింగ్‌లతో అయ్యేది అయిపోయింది, తరవాతి ఖర్చు ఎస్ఎస్‌డీ.

ఇదే మిషను ఉన్నవాళ్ళు కాపీ చేయాలంటే ఓపెన్‌ఎండబ్ల్యూ కాన్ఫిగ్, సెట్టింగ్స్ ఫైళ్ళు రెండూ, మాడ్ల ఫోల్డర్ ఒకటీ తీసుకుంటే చాలు. డేటా లైన్లలో ఫోల్డర్ దారులు మీ మిషనుకి తగ్గట్టు మార్చి, మూడు చోట్ల సేవ్‌లు మీరే చేసుకుని, ఒక్కో లైనూ కలుపుతూ అంకె రాసుకోండి.